ఉలి కొనడానికి వెళ్ళినాయన

ఏటికొప్పాకలో బొమ్మల పనివాళ్ళ ఇల్లు వెతకడానికి అడ్రసు అక్కర్లేదు, చెవి పెడితే చాలు. అరుగు మీదో వసారాలోనో లేత్ తిరుగుతూ ఉంటుంది. ఉలి తగిలినప్పుడల్లా అంకుడు పొట్టు తెల్లగా చుట్టలు చుట్టుకుని వీధిలోకి రాలుతుంది. బడికెళ్ళే పిల్లలు కాసేపు నిలబడి చూస్తారు. పాలు పోసే మనిషి ఆగి, ఒక మాట విసిరి పోతాడు. అందుకేనేమో ఆ ఊరివాళ్ళకు ఒక అలవాటు పడిపోయింది. ఏ వస్తువు చేతికొచ్చినా ధర అడిగే ముందు దాన్ని తిరగేసి, "దేంతో చేసేరు? ఎవరు చేసేరు?" అంటారు.

ఆ ఊరి పనివాడు ఒకాయన ఈ మధ్య రెండు రోజులు విశాఖపట్నం తిరిగొచ్చాడు. వెళ్ళిన పనులు రెండే. మధురవాడలో మేనల్లుడు కొన్న ఫ్లాట్ చూడ్డం, ఒక మంచి ఉలి కొనడం. విశాఖ ఆయనకు కొత్త కాదు. ఏడాదికి నాలుగైదుసార్లు పెట్టెల్లో సరుకు వేసుకుని వెళ్తూనే ఉంటాడు. అయితే ఆ వెళ్ళడమంతా బస్సు దిగి, దుకాణంలో సరుకు దించి, చీటీ రాయించుకుని మళ్ళీ బస్సెక్కడమే. సరుకు లేకుండా, ఖాళీ చేతులతో ఊరు చూడ్డం యాభై దాటాక ఇదే మొదలు.

ఆయన చూసిన చూపు ఎలాంటిదో తెలియాలంటే ఆ బొమ్మ ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. అంకుడు మెత్తటి కర్ర, తెల్లటి కర్ర. బాగా ఆరబెట్టి లేత్‌కి బిగించి, తిరుగుతుండగా ఉలితో భరిణో, బొంగరమో, లక్కపిడతో తీస్తారు. రంగు వేయడానికి కుంచె ఉండదు. రంగు కలిపిన లక్కను కడ్డీగా చేసుకుని తిరుగుతున్న కర్రకు ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి దానంతటదే పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు రంగు పసుపుకొమ్ము నుంచి, నారింజ జాఫ్రా గింజల నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తాయి. మధ్యలో కొన్నాళ్ళు రసాయనపు రంగులు ఊరిని ఏలాయి. మళ్ళీ చెట్ల రంగులకు మళ్ళించడంలో పెద్ద చెయ్యి చింతలపాటి వెంకటపతి రాజుది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే, 2017లో, బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే ఢిల్లీ వీధిలో కదిలి మూడో బహుమతి తెచ్చుకుంది. శకటం వచ్చినంత ఘనంగా అంకుడు కర్ర రావడం లేదన్నది వేరే సంగతి. కర్ర కోసం పడే పాట్లు ఆ ఊళ్ళో ఎవర్ని కదిపినా చెప్తారు.

అడ్డురోడ్డులో ఎక్కిన బస్సు యలమంచిలి, అనకాపల్లి దాటి కూర్మన్నపాలెం వచ్చేసరికి ఎండ ముదిరింది. ఇక్కడ్నుంచి పట్నం మొదలైనట్టు లెక్క. ఉక్కు కర్మాగారం ద్వారం ఎదురుగా, ప్రైవేటీకరణ వద్దంటూ 2021లో వేసిన దీక్షా శిబిరం ఏళ్ళ తరబడి నడిచిన చోటు ఇదే.

ఎన్నేళ్ళుగానో ఆ దారినే పోతున్నా ఉక్కు ఎలా పుడుతుందో ఆయన చూడలేదు. కనిపించేవి గోడ, చెట్లు, దూరాన పొగగొట్టాలు, షిఫ్టు దిగిన మనుషులు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా వీధికెక్కి, 32 మంది ప్రాణాలు పోయాక గాని ఆ గోడ లేవలేదు. 1971 జనవరిలో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ రెండు తేదీల మధ్య అరవైకి పైగా ఊళ్ళు లేచిపోయాయి. ఆ ఊళ్ళ మనుషులు గాజువాక, అగనంపూడి చుట్టుపక్కల నిర్వాసిత కాలనీల్లో సర్దుకున్నారు. ఉద్యోగం ఇస్తామని చేతిలో పెట్టిన ఆర్ కార్డులు ఇంకా కొందరి ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. గోడకు అవతల ఉక్కునగరంలో వరసగా చెట్లు, క్వార్టర్లు, ఆటస్థలాలు. గోడకు ఇవతల ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టుకున్న మేడలు, మెకానిక్కు షెడ్లు, నగల దుకాణాలు. ఒకే కర్మాగారం రెండు రకాల పేటల్ని కన్నది. ఒకటి గీత గీసి కట్టింది, రెండోది గీతకు బయట పడ్డది. విశాఖలో తేడాలు చూడాలనుకునే మనిషి సముద్రం దాకా పోనక్కర్లేదు, ఇక్కడ దిగి రోడ్డుకు ఆ పక్క కాసేపు, ఈ పక్క కాసేపు నడిస్తే చాలు.

ఆయన దిగలేదు. కిటికీ పక్కన కూర్చుని స్టాపుల పేర్లు వింటున్నాడు. ఎన్ఏడీ అంటే నౌకాదళపు ఆయుధాల డిపో. అది దాటాక కంచరపాలెం. కంచరివాళ్ళ పాలెం, అంటే కంచుపని చేసేవాళ్ళ ఊరు. పేరు విని ఆయన తల బయటపెట్టి చూశాడు. కంచు చప్పుడు లేదు, సెల్‌ఫోన్ దుకాణాలున్నాయి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా వచ్చినప్పుడు ఆ పేట జనమే వేషాలు వేశారు. లోకానికి ఆ పేరు అలా తెలిసింది గాని, పేరులో ఉన్న కంచరి ఎవరికీ గుర్తు రాలేదు.

విశాఖలో ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయి. సాలిపేటలో మగ్గం వినపడదు. ఇసుకతోటలో ఇసకా కనపడదు, తోటా కనపడదు. ఎంవీపీ కాలనీ అంటే ఏ ఇంగ్లీషు పేరో అనుకుంటారు గాని అది మువ్వలవానిపాలెం. పట్టణాభివృద్ధి సంస్థ లేఅవుట్ వేసి సెక్టార్లకు అంకెలు ఇచ్చాక మువ్వలవాళ్ళు మూడు అక్షరాలైపోయారు. పాతనౌకాశ్రయం దగ్గరి సింధియా ఇంకో వింత. ఎక్కడో గ్వాలియర్ రాజుల ఇంటిపేరు ఒక నౌకా కంపెనీకి ఎక్కి, పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ ఆ కంపెనీ తరఫున ఇక్కడ ఓడల కార్ఖానా పెడితే, చుట్టూ పుట్టిన బస్తీకి అదే పేరు అంటుకుంది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి ఓడ 'జల ఉష'ను 1948 మార్చిలో నెహ్రూ అక్కడే నీళ్ళలోకి దించారు. కంపెనీ చేతులు మారి హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయినా కండక్టర్లు మాత్రం సింధియా అనే అరుస్తారు.

ఇది ఒక్క విశాఖ కథే కాదు. లండన్ నడిబొడ్డున బ్రెడ్ స్ట్రీట్, మిల్క్ స్ట్రీట్ అని రెండు వీధులున్నాయి. ఒకప్పుడు రొట్టెలూ పాలూ అమ్మిన చోట్లు, ఇప్పుడు అక్కడ ఆఫీసులు. హైదరాబాదు లాడ్ బజారు కొంత నయం. చార్మినారు పక్కన ఇప్పటికీ లక్క గాజులు చేసి అమ్ముతారు. ఆ గాజులకూ 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏటికొప్పాక మనిషి ఆ బజారుకి వెళ్తే గాజులు కొనడు, లక్క ఎలా కరుగుతోందో చూస్తూ నిలబడిపోతాడు.

కాంప్లెక్సులో బస్సు దిగేసరికి మేనల్లుడు ఎదురొచ్చాడు.

"మావయ్యా, ముందు బీచ్‌కి పోదావా, మాల్‌కి పోదావా?"

"ఉలి ఎక్కడ దొరుకుతాదో అక్కడికి పోదాంరా."

అలా మొదటి రోజు పాత ఊరికి అంకితమైపోయింది. వన్‌టౌన్ అంటారు దాన్ని. కోట కనపడదు, కోటవీధి ఉంది. బురుజు కనపడదు, బురుజుపేట ఉంది. సందుల్లో పాతకాలపు మండువా ఇళ్ళు కొన్ని, కూలగొట్టి కట్టిన మూడంతస్తులు కొన్ని. కురుపాం జమీందారుల పేరు మీదున్న కురుపాం మార్కెట్టు దగ్గర బంగారప్పని. గుమ్మాల్లో చిన్న మంట, ఊదుగొట్టం, వంగిన వీపు. ఆయన ముఖం అక్కడ విచ్చుకుంది. "ఇదీ ఊరంటే," అన్నాడు. మేనల్లుడికి అర్థం కాలేదు. ఇరుకు, మురుగు, తలమీద కరెంటు తీగలు చూసి అతను ముక్కు మూసుకుంటున్నాడు. ఇద్దరూ నిలబడింది ఒకే సందులో.

ఆ దగ్గర్లోనే రాణీబొమ్మ. విక్టోరియా మహారాణి కంచు విగ్రహం. బొమ్మ అనే మాట వినగానే ఏటికొప్పాక మనిషి తిరిగి చూడకుండా ఎలా ఉంటాడు? లోకం సగాన్ని ఏలిన రాణికి విశాఖ జనం ఇచ్చిన బిరుదు బొమ్మ. చిన్నచూపుతో అన్నారో ముద్దుగా అన్నారో గాని, తెలుగులో విగ్రహానికీ ఆటవస్తువుకీ ఒకే మాట ఉండబట్టి ఆ మహారాణి గిలక్కాయల పక్కన చేరింది.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగాడు. అమ్మవారు బావిలో దొరికిందని చెప్తారు. నెత్తిన కప్పు లేదు, ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు. ఆడవాళ్ళు నీళ్ళు పోసి, పసుపు రాసి, కుంకుమ అద్ది పోతుంటారు. మార్గశిరంలో అయితే వీధులు నిండిపోతాయి. తాకి చూడనిచ్చే దేవత. పొద్దుట్నుంచీ గోడల అవతలివన్నీ చూసుకుంటూ వచ్చిన మనిషికి అక్కడ కాస్త ఊపిరాడినట్టయింది. బయటికొస్తూ వేళ్ళకంటిన పసుపును ఎండలో పెట్టి చూసుకున్నాడు. భక్తి సగం, రంగు పాకం చూసే అలవాటు సగం.

ఓడరేవు వైపు నడిస్తే మూడు గుట్టలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరుడు. మూడింటికీ ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలో ఓడలు దూరే సన్నటి కాలువ. 1933 అక్టోబరులో 'జలదుర్గ' అనే ఓడతో ఈ రేవు తెరుచుకుంది. అంతకు ముందు ఇది బురద కయ్య. తవ్వినవాళ్ళ పేర్లు ఏ గుట్ట మీదా లేవు. ప్రారంభించిన వైస్రాయి విల్లింగ్డన్ పేరు మాత్రం పుస్తకాల్లో భద్రంగా ఉంది. సరుకు ఎత్తడానికీ దించడానికీ వచ్చిన మనుషులతోనే పాత ఊరు నిండింది. డబ్బు చేసినవాళ్ళు తర్వాత్తర్వాత గాలి కోసం వాల్తేరు మెరక మీదికి ఎక్కారు. విశ్వవిద్యాలయం, తెల్లదొరల బంగళాలు, విశాలమైన ఆవరణలు అన్నీ ఆ మెరక మీదే. చాలాకాలం రైలు స్టేషన్ పేరు కూడా వాల్తేరే. పల్లంలో పని, మెరకలో నివాసం. ఊరి నేలే ఆ మాట చెప్తుంది.

సాయంత్రం బీచ్‌రోడ్డు. దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అందరూ ఫొటోలు తీసుకునేదే. అయితే కురుసుర అనే జలాంతర్గామి ఒడ్డున నిలబడి ఉంది చూడండి, అది ఆయన్ని పట్టేసింది. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి విరమణ పొంది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ఒంగి ఒంగి లోపల నడుస్తూ ఆయన చక్రాలు, గొట్టాలు, మనుషులు పడుకునే ఇరుకు బల్లలు ఒక్కొక్కటే తడిమాడు. బయటికొచ్చాక మేనల్లుడితో అన్న మాట గుర్తుపెట్టుకోదగ్గది: "పని నడుస్తున్నప్పుడు దగ్గరికి కూడా రానివ్వరు. ఆగిపోయాక టిక్కెట్టు పెట్టి చూపిస్తారు."

ఆ మాటలో చిన్న ముల్లు ఉంది. పట్నంలో హస్తకళల మేళాలు జరిగినప్పుడు లేత్ తెచ్చుకుని కూర్చోమని ఏటికొప్పాక వాళ్ళని పిలుస్తుంటారు. జనం చుట్టూ మూగి సెల్‌ఫోన్లలో తీసుకుంటారు. ఆయనా ఒకట్రెండుసార్లు అలా కూర్చున్నాడు. ఊళ్ళో అరుగు మీద చేసే పనే, అదే ఉలి, అదే లక్క. కాని మేళాలో వెనక ఒక బోర్డు, ముందు ఒక తాడు. పని బతికుండగానే దాన్ని చూడ్డానికి ఒక వేళ, ఒక చోటు ఏర్పాటయ్యాయి.

రాత్రి మధురవాడ. ఏడో అంతస్తు. ధోనీ 2005 ఏప్రిల్లో పాకిస్తాన్ మీద 148 పరుగులు కొట్టిన స్టేడియం లైట్ల స్తంభాలు బాల్కనీలోంచి కనిపిస్తాయని మేనల్లుడు చూపించాడు. అతని ఉద్యోగం రుషికొండ వైపు ఐటీ కొండ మీద, అద్దాల మేడలో. ఏం చేస్తావురా అక్కడ అని మావయ్య అడిగితే చాలాసేపు చెప్పాడు. ఎక్కడో అమెరికాలో ఒక బ్యాంకు లెక్కలు తప్పకుండా చూసే పని అట. రాత్రి షిఫ్టు కూడా ఉంటుందట. ఆ మేడకు అద్దాలున్నది లోపలివాళ్ళు బయటికి చూడ్డానికే. ఆ వీధిలో నిలబడే టీ కొట్టువాడికి కూడా లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఉక్కు కర్మాగారానికి గోడ అడ్డం, దీనికి అద్దం అడ్డం. కొత్త పేటలన్నీ శుభ్రంగా, విశాలంగా, పచ్చగా ఉన్నాయి. నిజమే. అక్కడ కంటికి కనిపించే పని మాత్రం మూడే రకాలు: కాపలా, ఊడ్పు, పార్సిల్ తేవడం. మిగతా పని ఎంత గొప్పదైనా కనపడదు. పిల్లలు దాన్ని చూస్తూ నిలబడడానికి వీల్లేదు.

టీవీ పక్క అరలో ఒక లక్కబొమ్మ ఉంది. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చారని కోడలు చెప్పింది. "మన ఊరిదే కదండీ, మీకు తెలుస్తాదా ఎవరు చేసేరో?" ఆయన చేతిలోకి తీసుకుని అడుగు చూశాడు, మెడ దగ్గర బొటనవేలితో రాశాడు, దీపం కిందకి తిప్పాడు. రెండు వీధుల అవతల ఉండే ఒక ఇంటి పేరు చెప్పాడు. ఆ ఇంటివాళ్ళు మెడ దగ్గర ఉలి కాస్త ఏటవాలుగా పెడతారట. కోడలు బొమ్మను మళ్ళీ అరలో పెడుతూ ఈసారి మొహం ఇటు తిప్పి పెట్టింది.

రెండో రోజు తెల్లారకముందే తొట్లకొండ. మేనల్లుడి బైకు మీద పావుగంట. ఈ కొండ మీది బౌద్ధారామం 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తుండగా బయటపడింది. రెండు వేల ఏళ్ళ కిందటి భిక్షువులు వాన నీళ్ళు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లే కొండకు పేరిచ్చాయి. ఇక్కడ మాత్రం పేరూ పనీ ఇంకా కలిసే ఉన్నాయి. ఆయన వంగి తొట్టి అంచు పరీక్షగా చూశాడు. స్తూపం వైపు, సముద్రం వైపు చూడమని మేనల్లుడు అంటూనే ఉన్నాడు. ఎవడో ఒక మనిషి ఎండలో కూర్చుని ఈ గట్టి రాయిని ఉలితో కొట్టాడన్నదే ఆయనకు కావలసిన చరిత్ర.

తిరుగుదారిలో పెదజాలరిపేట. ఒక పక్క సముద్రం కనపడేట్టు కట్టిన ఖరీదైన అపార్ట్‌మెంట్లు, వాటికి ఆనుకుని జాలరి గుడిసెలు, సన్నటి సందులు. సముద్రం ఇద్దరికీ ఉంది. వాళ్ళకి బాల్కనీలో, వీళ్ళకి వాకిట్లో. పొద్దున్నే ఇసక మీద వలలు పరిచి చిరుగులు కుడుతున్నారు. ఆడవాళ్ళు చేపల గంపలు సర్దుకుని బేరానికి సిద్ధమవుతున్నారు. సొంత మండలంలో రేవుపోలవరం అనే సముద్రపు ఊరు ఉన్నందున ఆయనకు ఇదేమీ కొత్త కాదు. ఒక పడవ పక్కన నిలబడి వేలితో కొట్టి చూశాడు. ఫైబరు. "కర్ర పడవలు లేవా?" అన్నాడు. "కర్రెక్కడ దొరుకుతాది బాబూ?" అన్నాడు వల కుడుతున్న ముసలాయన తలెత్తకుండానే. ఈ జవాబు ఆయన ఏటికొప్పాకలో రోజూ వినేదే. ఇద్దరూ కాసేపు కర్ర గురించి మాట్లాడుకున్నారు. మాట 2023 నవంబరు మీదికి వెళ్ళింది. ఫిషింగ్ హార్బరులో ఒక్క రాత్రి మంటలు లేచి డజన్ల కొద్దీ బోట్లు కాలిపోయిన సంగతి. ఏ బోటు ఎవరిదో, ఏ ఏడు కట్టిందో ముసలాయన వరసగా చెప్పుకుపోయాడు, అచ్చం రాత్రి ఈయన బొమ్మ మెడ తడిమి ఇంటిపేరు చెప్పినట్టు. మేనల్లుడు ఫోను జేబులో పెట్టేసి వింటున్నాడు.

ఉలి మాత్రం ఇంకా దొరకలేదు. చివరికి పూర్ణా మార్కెట్టు దగ్గర ఇనప సామాను దుకాణంలో దొరికింది. ఆయన నాలుగు ఉలులు గోటి మీద పెట్టి, బరువు చూసి, ఒకటి పక్కన పెట్టాడు.

"ఇది ఎక్కడి ఉక్కు బాబూ? మన స్టీల్‌ప్లాంటుదేనా?"

దుకాణదారు నవ్వాడు. "వాళ్ళు కడ్డీలు, వైరు చుట్టలు, యాంగిళ్ళు చేస్తారండి. ఉలి కావాలంటే జలంధర్ నుంచి రావాలి."

ఉక్కు కోసం 32 మంది చచ్చిపోయిన రాష్ట్రంలో ఉలి పంజాబు నుంచి వస్తుందన్నమాట. ఆయనకు ఇది నవ్వొచ్చే విషయంగానే తోచింది. బేరం ఆడి, పాత పేపర్లో చుట్టించుకుని సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం బస్సు గాజువాక దాటి కూర్మన్నపాలెం చేరేసరికి షిఫ్టు మారే వేళైంది. నీలం చొక్కాలు బిలబిలా ఎక్కాయి. పక్కన కూర్చున్న మనిషికి కునుకు పట్టి తల ఈయన భుజం మీదికి వాలింది. చేతి మీద నల్లటి కాలిన మచ్చ. అడుగుదామనుకున్నాడు, ఏం చేస్తావు నాయనా లోపల అని. నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాడు. అనకాపల్లిలో ఆ మనిషి ఉలిక్కిపడి లేచి దిగిపోయాడు.

అడ్డురోడ్డులో దిగి, ఆటో దొరికేలోపు పేపరు విప్పి ఉలి మొన బొటనవేలికి ఆనించి చూసుకున్నాడు. ఎంత కొత్తదైనా పదును సరిపోదు. తెల్లారి సానరాయి మీద ఇంకో గంట పట్టాలి.